మౌలాలి, లేచి నిలబడే కారు

మౌలాలి చేతులు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. కుంకుడుకాయ పులుసుతో రుద్దినా, కిరసనాయిలుతో కడిగినా గోళ్ల సందుల్లో గ్రీజు మాత్రం పోయేది కాదు. ఆ చేతులు చూసి మొహం చిట్లించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. అట్లాంటివాళ్లు నా అంగడికి వస్తే సోడా కాస్త ఆలస్యంగా కొట్టి ఇచ్చేవాణ్ణి. ప్రొద్దుటూరులో హబీబుల్లా సాహెబు నూనె మిల్లు గేటుకు ఎదురుగా ఉన్న గోలీసోడా అంగడి నాదే. పేరు దేవపాలు, సొంతూరు జమ్మలమడుగు. క్రైస్తవ మిషను బడిలో కొంతకాలం చదివాను గానీ, నాకు చదువూ చదువుకు నేనూ నచ్చక, సోడా మిషను కొనుక్కుని ప్రొద్దుటూరు వచ్చి స్థిరపడ్డాను. మౌలాలిని ఏళ్ల తరబడి రోజూ చూసినవాణ్ణి కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకుందనుకుంటాను. కాదనేవాళ్లు అంగడికి వచ్చి మాట్లాడవచ్చు.

మౌలాలి పుట్టింది రాజుపాలెం దగ్గరి పల్లెలో. వాళ్ల నాయన ఖాజా ఎద్దులబండ్లకు కందెన చేసి అమ్మేవాడు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి మెత్తగా మెదిపితే అదే కందెన. దాన్ని వెదురు గొట్టాల్లో నింపి బండికి కట్టుకునేవాళ్లు. ఇరుసు కీచుమన్నప్పుడల్లా పుల్లతో తీసి పూసేవాళ్లు. ప్రొద్దుటూరుకు దూదీ వేరుశనక్కాయలూ తోలుకొచ్చే బండ్లన్నీ ఖాజా కందెనతోనే తిరిగేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది కొడుకు ఇంకో తోవ చూసుకున్నాడు. బండ్లు తగ్గి లారీలు ఎక్కువవుతున్నాయని గమనించి, హబీబుల్లా సాహెబు మిల్లులో లారీలకు గ్రీజు కొట్టే పనికి చేరాడు. పెద్ద పనేమీ కాదు. లారీ కింద దూరి, కుదుపులు ఆపే కమాను పట్టీలకూ కీళ్లకూ అంటిన మట్టి గీకి, గ్రీజు గన్నుతో కొత్త గ్రీజు ఎక్కించడం. ఆ పనిని అతను పెళ్లికొడుక్కి నలుగు పెట్టినంత సంబరంగా చేసేవాడు. పాటలు పాడేవాడు. లారీ కింద నుంచి పాట వినబడుతుంటే మౌలాలి పనిలో ఉన్నాడని మాకందరికీ తెలిసేది.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మూడు నాలుగేళ్లకు హబీబుల్లా సాహెబు మద్రాసు నుంచి ఒక కారు కొనుక్కొచ్చాడు. ఇంగ్లండుకు తిరిగిపోతున్న ఏదో కంపెనీ దొర అమ్మేసిన అమెరికా కారు అది. లేత పచ్చ రంగు, పొడుగాటి ఒళ్లు. మా వీధిలో మలుపు తిరగాలంటే రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఆడాల్సిందే. అయితే దాని గొప్పతనం పొడుగులో లేదు. వెనక సీట్లో మనుషులు కూర్చుంటే అన్ని కార్లలాగే అదీ కుంగేది. ఒక గుక్క నీళ్లు తాగేంత సేపు ఊరుకుని, ఆ తరవాత లోపల ఎక్కడో సన్నగా ర్‌ర్‌ర్ మని చప్పుడు చేసి, కుంగిన వెనక భాగాన్ని తనంతట తానే పైకి ఎత్తుకుని మట్టంగా నిలబడేది. మొదటి రోజు అది చూసి మిల్లులో వేరుశనక్కాయలు ఒలిచే ఆడవాళ్లు చాటలు కింద పెట్టి పరుగెత్తుకొచ్చారు.

దాని సంగతంతా, తోలడంతో సహా, మద్రాసులో ఒక అరవ మేస్త్రీ దగ్గర కొన్నాళ్లు ఉండి మౌలాలి నేర్చుకుని వచ్చాడు. ఆ కారుకు కమాను పట్టీలు లేవు. వాటి బదులు ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా రెండు పక్కలా పొడుగాటి ఉక్కు కడ్డీలు ఉన్నాయి. రోడ్డు ఎగుడుదిగుళ్లకు ఆ కడ్డీలు తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి, మళ్లీ సర్దుకునేవి. వెనకాల బరువు పడితే ఆ సంగతి ఒక చిన్న స్విచ్చి పెట్టెకు తెలిసేది. అది కరెంటు మోటారును తిప్పేది, మోటారు ఇంకో రెండు పొట్టి కడ్డీలను మెలిపెట్టి కారును ఎత్తేది. ఇవన్నీ కారు పొట్ట కింద, మా ఎర్రదుమ్ముకూ వాన బురదకూ ఎదురుగా ఉండేవి. కీళ్లకు గ్రీజు అందకపోతే బిగుసుకుపోయేవి, స్విచ్చి పెట్టెలో దుమ్ము పడితే కారుకు బుద్ధి మందగించేది. కారు కిందికి దూరేముందు డ్యాషు బోర్డు కింద ఉన్న మీటతో మోటారును ఆపేయాలి. లేకపోతే కింద మనిషి ఉండగానే కారు లేచి కూర్చుంటుంది.

తెలిసినవాడే అయినా మొదట్లో మౌలాలి ఒక తప్పు చేశాడు. నాయన చేతి కందెన మీద ఉన్న నమ్మకం కొద్దీ, బండి ఇరుసుకు మంచిదైతే దీనికి మాత్రం చెడ్డదెట్లా అవుతుందని, కారు కింద కీళ్లన్నిటికీ దిట్టంగా కందెన పట్టించాడు. ఎండకు ఆముదం కరిగి, మసితో సహా స్విచ్చి పెట్టెలోకి దిగింది. ఆ సాయంత్రం మిల్లు ముందు ఆ కారు వెనక భాగం పైకి లేవడం, కిందికి దిగడం, మళ్లీ లేవడం. లోపల ఒక్క మనిషి లేడు. హబీబుల్లా సాహెబు వరండాలో నిలబడి చూసి చూసి, "మౌలాలీ, అది నమాజు చేస్తాందా ఏంది," అన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఉర్దూలోనే లెండి, నాకు అర్థమైనంత తెలుగులో చెబుతున్నాను. మౌలాలి రెండు రోజులు కిందే పడుకుని, పెట్రోలుతో ఒక్కొక్కటీ కడిగి, ఆ కందెనంతా వదలగొట్టాడు. ఆ తరవాత కీళ్లకు గ్రీజు, రబ్బర్లకు సబ్బునీళ్లు, స్విచ్చి పెట్టెకు పొడిగుడ్డ, అంతే. ఆ ముగ్గురి తిండీ వేరువేరని చెప్పేవాడు.

ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక కారుకు వైద్యం జరిగేది. గన్ను మూతిని కీలుకు పెట్టి నొక్కేవాడు. పాత గ్రీజు మట్టితో కలిసి నల్లగా బయటికి వచ్చేది. అది పోయి తేనెరంగు కొత్త గ్రీజు కనబడేదాకా వదిలేవాడు కాదు. అన్నం తెచ్చిన భార్య దిల్షాద్‌బీ కారు బయట నిలబడి కాలితో అతని అరికాలు తట్టేది.

"అన్నం చల్లారిపోతాంది. ఇంకా ఎంతసేపు దాని కడుపు నిమురుతావు?"

"ఇంకొక్క కీలు, దిల్షాదూ."

"ఇంటి తలుపు కీచుమంటాండాదని ఉగాదినుంచి చెప్తాండా. దానికి మాత్రం నీ దగ్గర గ్రీజు ఉండదు."

అవన్నీ ముచ్చట కోసం అనే మాటలే. ఆమె వెళ్లేటప్పుడు కారు అద్దాన్ని కొంగుతో తుడిచి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

ఇక అసలు గొడవకు వస్తాను. మా సీమలో పెద్దమనిషి వస్తే కూర్చున్నవాళ్లు లేచి నిలబడాలి. లేవకపోతే దాన్ని మరిచిపోరు, తరవాతి తరం దాకా చెప్పుకుంటారు. ఈ కారు ఎవరు కూర్చున్నా లేచేసరికి జనం దానికి వాళ్లకు తెలిసిన అర్థమే చెప్పుకున్నారు. అమెరికా కారు, మర్యాద తెలిసిన కారు, పెద్దవాళ్లు ఎక్కితే లేచి నిలబడుతుందని ఊరంతా పాకింది. మౌలాలి కాదని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు సరికదా, పైగా ఎగదోశాడు. మైదుకూరు నుంచి వచ్చిన లావాటి దూది షావుకారు కూర్చుని కారు లేస్తే, "సూస్తిరా, మా కారు మనిషిని గుర్తుపడతాది," అని మీసం దువ్వాడు. చుట్టుపక్కల పెళ్లిళ్లన్నిటికీ ఆ కారు కావాలన్నారు. హబీబుల్లా సాహెబు ఉదారంగా అందరికీ పంపేవాడు. కాయలు తోలే రైతులు దానితో సంతోషపడి ఇంకో మిల్లు వైపు చూసేవాళ్లు కాదు.

ఆ రైతుల్లో పెద్దవాడు పులివెందుల ఓబుళప్ప. డెబ్బై దాటిన మనిషి. చేతికర్ర పక్కన పెడితే ఏది కర్రో ఏది ఆయనో చెప్పడం కష్టం. అంత సన్నం. కోపం మాత్రం ఆయనకు ఒంటికి మించి ఉండేది. ఒక రోజు మిల్లుకు వస్తే హబీబుల్లా సాహెబు కారు చూపించి ఎక్కమన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. ఓబుళప్ప తలగుడ్డ సర్దుకుని, కర్ర పట్టుకుని, వెనక సీట్లో నిటారుగా కూర్చున్నాడు. అందరం కాచుకున్నాం. కారు కదల్లేదు, మెదల్లేదు. ఓబుళప్ప ఇంకాసేపు కూర్చుని, దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా బస్టాండు వైపు నడిచిపోయాడు.

తరవాత కబురు పంపాడు. "నా మనవరాలి పెండ్లికి ఆ కారు నా ఇంటి ముందరికి రావాల. ఊరంతా సూస్తాండంగా నేనొక్కణ్ణే కూసుంటా. లేసిందా, సరి. లేయకపోతే నా కాయలూ నా బంధువుల కాయలూ ఎర్రగుంట్ల మిల్లుకు తోలతా."

హబీబుల్లా సాహెబు నెమ్మదస్తుడే, అయినా ఆ కబురుకు భయపడ్డాడు. మౌలాలిని పిలిచాడు. మౌలాలి ఆయనకు ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు.

"సాహెబ్, కారులో లోపం ల్యా. ఎనక పక్క ఒక ఉప్పు బస్తా అంత బరువన్నా పడాల. ఆ పెద్దాయన కూసున్న సంగతే దానికి తెలీలా."

"ఆ మాట ఓబుళప్పకు నువ్వు చెప్తావా?"

మౌలాలి గోళ్ల సందుల్లోని గ్రీజు గీక్కుంటూ నిలబడ్డాడు.

"మర్యాద కారని ఊరంతా చాటింపు ఏసింది నువ్వే. ఇప్పుడు దాన్ని లేపేదీ నువ్వే. లేయకపోతే బెంగుళూరులో తుక్కు కొనేవానికి ఇచ్చేస్తా. నాకు కారు కంటే మిల్లు ముఖ్యం మౌలాలీ."

ఆ రోజు మౌలాలి నా అంగడికి వచ్చి సోడా అడిగి, గోలీ నొక్కాక తాగడం మరిచిపోయి అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. లారీలు ఎన్నైనా ఉన్నాయి, గ్రీజు పని ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఆ కారు పోతే మనిషి సగం పోతాడని నాకు అర్థమైంది. నాకు ఓబుళప్ప మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక యంత్రం తనకు లేచి నిలబడలేదని అలిగే మనిషికి ఏం చెప్పాలి?

ఆ వారమంతా మౌలాలి కారు కిందే ఉన్నాడు. కీళ్లన్నీ విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించాడు. స్విచ్చి పెట్టె తెరిచి లోపలి మొనలను సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాడు. మోటారు పళ్లచక్రాలకు కొత్త గ్రీజు పట్టించాడు. ఆ కారు ఎప్పుడూ అంత నున్నగా లేచి ఉండదు. నేను కూర్చుంటే లేచింది. నేను కాస్త దిట్టంగా ఉంటాను లెండి. మిల్లు కాపలాదారు అమీర్ బాషాను కూర్చోబెట్టాడు. అతను ఓబుళప్ప అంత సన్నం. లేవలేదు. స్విచ్చి మొనలను ఎంత దగ్గరికి సర్దినా లేవలేదు. అంతకంటే దగ్గరికి సర్దితే గాలికి కూడా లేస్తుందన్నాడు మౌలాలి.

అప్పుడతనికి ఒక ఆలోచన వచ్చింది. పెళ్లికి సోడాలు నా దగ్గర నుంచే పోతున్నాయి. ఆ సోడాల పెట్టెలు కారు డిక్కీలో ఎక్కించాలి. ముందే మీటతో మోటారును ఆపేయాలి. కారు కుంగి ఉంటుంది. ఓబుళప్ప ఎక్కి తలుపు మూయగానే ముందు సీటు దగ్గర ఉన్న మౌలాలి మీట వేస్తాడు. కారు సోడాలకు లేస్తుంది, పేరు ఓబుళప్పకు వస్తుంది. మిల్లు దొడ్లో అమీర్ బాషాతో చేసి చూశాం. దర్జాగా లేచింది. నా సోడాలకు అంత పలుకుబడి ఉందని నాకప్పుడే తెలిసింది.

పెళ్లి జమ్మలమడుగులో, మగపెళ్లివారి ఇంట్లో. మా వైపు అదే ఆచారం. పెళ్లికూతురు మునెమ్మను, పెద్దవాళ్లను పులివెందుల నుంచి తీసుకురావడం కారు పని. మౌలాలీ నేనూ తెల్లారి బయల్దేరి జమ్మలమడుగులో సగం సోడాలు దించి, ముద్దనూరు మీదుగా పులివెందుల దారి పట్టాం. రోడ్డు నిండా గుంతలు. ఆ ఉక్కు కడ్డీలు వాటినన్నిటినీ మింగేశాయి. డిక్కీలో ఒక్క సోడా కూడా పగల్లేదు. మౌలాలి మాత్రం దారి పొడుగునా పాట పాడలేదు.

ఓబుళప్ప ఇంటి ముందు ఊరు ఊరంతా ఉంది. నాపరాళ్ల అరుగుల మీద, గోడల మీద, ఎదురింటి మిద్దె మీద కూడా మనుషులే. మేళగాళ్లు వాయిస్తున్నారు. పట్టుపంచె కట్టుకుని ఓబుళప్ప గుమ్మంలో నిలబడ్డాడు. మౌలాలి వెనక తలుపు తెరిచి పెట్టి, ముందుకు వచ్చి, డ్యాషు బోర్డు కిందికి వంగి మీట పట్టుకున్నాడు. తలుపు మూసిన చప్పుడు వినబడటమే అతనికి గుర్తు. మేళం హోరులో ఇంకేం వినబడేటట్టు లేదు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో నుంచి ఒకామె లడ్ల గంప ఎత్తుకొచ్చింది. తెరిచిన తలుపు చూసి, గంపను సీటు మీద పెట్టి, తలుపు దడాలున మూసి పోయింది. మౌలాలి మీట వేశాడు. కారు ర్‌ర్‌ర్ మంటూ అందరి ముందూ మట్టంగా, మహా మర్యాదగా లేచి నిలబడింది. లోపల లడ్లు తప్ప ఎవరూ లేరు.

ముందు మిద్దె మీదివాళ్లు నవ్వారు. తరవాత మేళగాళ్లు వాయించడం ఆపి నవ్వారు. నవ్వనిది ముగ్గురే, ఓబుళప్ప, మౌలాలి, నేను.

"డిక్కీ తెరువప్పా," అన్నాడు ఓబుళప్ప మెల్లగా. ఆయన అరిచినా బాగుండేది.

మౌలాలి తెరిచాడు. పెట్టెల్లో నా సోడాలు ఎండకు తళతళలాడుతున్నాయి.

"లడ్లకు లేస్తాది, సోడాలకు లేస్తాది. అన్నీ దించండి. ఇప్పుడు నేను కూసుంటా."

దించాం. కారు కాసేపు వెనక భాగం ఎత్తుకుని నిలబడి, తరవాత మట్టానికి దిగింది. ఓబుళప్ప ఎక్కి, కర్ర రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఒక గుక్క, రెండు గుక్కలు, కావాలంటే ఒక సోడా మొత్తం తాగేంత సేపు గడిచింది. కారు లేవలేదు. ఆ ముసలాయన కర్రను కిందికి గట్టిగా ఒత్తి చూడటం నాకు కనిపించింది. అంతదాకా ఆయన మీద ఉన్న కోపం నాకప్పుడు పోయింది. ఊరి ముందు చిన్నబోయిన మనిషిని చూడటం కష్టం.

మౌలాలి వెనక తలుపు దగ్గరికి వచ్చి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దాయనా, తప్పు నాది, కారుది కాదు. మర్యాద తెలిసిన కారని నేనే చెప్పుకోని తిరిగినా. అది యంత్రం. ఎనక బరువు పడి కుంగితే లేస్తాది. మీరు కూసుంటే కుంగలేదు, అంతే. సోడాలు పెట్టి మిమ్మల్ని మోసం చేయబోయినా, అదీ నా తప్పే."

"అంటే నేను పూచికపుల్లనా?"

"అట్ల అనను. మీరొక్కరే ఎందుకు కూసున్నారని అడుగుతాండా. ఆ సీటు సూడండి, ఎంత పెద్దదో. ఇది ఒంటి మనిషికి చేసిన కారు కాదు పెద్దాయనా. అమ్మను గూడా పక్కన కూసోబెట్టుకోండి. అప్పుడు గూడా లేయకపోతే నేనే దీన్ని బెంగుళూరు దాకా తోసుకోని పోతా."

అందరి తలలూ ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగాయి. గుమ్మంలో అలివేలమ్మ ఉంది. ఓబుళప్ప భార్య. ఆయన సన్నదనానికంతా తనే జవాబు చెప్పినట్టు నిండుగా, బలంగా ఉండే మనిషి. లడ్ల గంప ఒంటిచేత్తో తెచ్చి పెట్టిపోయింది ఆమే. ఆ ఇంట్లో ఆడవాళ్లు మొగుడి పక్కన నలుగురిలో కూర్చోరు. బండి ఎక్కితే ఆయన ముందు కూర్చుంటాడు, ఆమె వెనక కాళ్లు వేలాడేసుకుని వచ్చిన దారి చూస్తూ కూర్చుంటుంది. కాపురానికి వచ్చిన రోజు కూడా అట్లాగే వచ్చిందట. బస్సు అయితే ఆయన ఒక చోట, ఆమె ఇంకో చోట.

"నేనా," అంది అలివేలమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఇంతమంది మొగోళ్ల ముందర ఆయప్ప పక్కనా. నేను రాను."

ఓబుళప్ప రమ్మనలేదు. కాదనలేదు కూడా. కర్ర మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తున్నాడు.

లోపల నుంచి పెళ్లికూతురు మునెమ్మ, బాసికం కట్టిన తలతోనే బయటికి వచ్చింది. "కూసో అవ్వా," అంది. "నువ్వు కూసోకపోతే నేనూ ఎక్కను. పెండ్లీ గిండ్లీ మీరే చేసుకోండి."

ఇంకెవరన్నా ఆ మాట అని ఉంటే ఓబుళప్ప కర్ర ఎత్తేవాడు. మనవరాలు కాబట్టి కాస్త పక్కకు జరిగాడు. ఆ జరగడం అందరం చూశాం. అలివేలమ్మ కూడా చూసింది. నెమ్మదిగా మెట్లు దిగి, చెప్పులు విడిచి, గుడిలోకి పోయినట్టు తలవంచి కారు ఎక్కి ఆయన పక్కన కూర్చుంది. కారు మూలిగి బాగా కుంగింది. ఎవరో నవ్వబోతే నేను వెనక్కి తిరిగి చూసిన చూపుకు ఊరుకున్నారు.

మౌలాలి వంగి, కారు ఒంటికి చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

ర్‌ర్‌ర్.

కారు లేచింది. కొత్త గ్రీజు పట్టిన కీళ్లు చిన్న చప్పుడు కూడా చేయలేదు. నూనెలో జారినట్టు నున్నగా, ఆ ఇద్దరినీ ఎత్తుకుని, మట్టానికి వచ్చి ఆగింది. ఒక్కసారిగా మేళం మొదలైంది. మిద్దె మీద నుంచి ఎవరో పూలు చల్లారు. ఓబుళప్ప తూలిపోతానేమోనని భయపడి భార్య చేయి పట్టుకున్నాడు. లేవడం అయిపోయాక కూడా వదల్లేదు.

అలివేలమ్మ మొదట గాభరాపడింది, తరవాత కిటికీలోంచి జనాన్ని చూసింది, ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే మొగుణ్ణి అడిగింది, "నన్ను పక్కన కూసోబెట్టుకునేదానికి నీకు అమెరికానుంచి యంత్రం రావాల్సొచ్చినాదా?"

ఓబుళప్ప మీసాలు కదిలాయి. అది నవ్వేనని ఒట్టేసి చెప్పగలను.

మునెమ్మ ముందు సీట్లో తలుపు పక్కన కూర్చుంది, ఆమెకూ మౌలాలికీ నడుమ నేను ఇరుక్కున్నాను. వెనక సీట్లో చోటున్నా వెనక్కి పోనంది. "వాళ్లిద్దర్నీ అట్లనే పోనీయండి," అంది. జమ్మలమడుగు దాకా మౌలాలి పాడుతూనే ఉన్నాడు. గొంతు మంచిది కాదు, ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు.

మగపెళ్లివారి పందిరి ముందు హబీబుల్లా సాహెబు మాకంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. హారతి ఇచ్చి మునెమ్మను దించుకున్నారు. నేను దిగాను. వెనకవాళ్లు దిగలేదు. సాహెబు భయపడుతూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సాహెబూ," అన్నాడు ఓబుళప్ప, "ఈ కారు తుక్కు కింద అమ్మేస్తావంట గదా. ఆ డ్రైవరప్ప దోవలో చెప్పినాడు."

"అదీ... లేయకపోతే..."

"ఇది అమ్మినావని నా చెవిన పడిందంటే నా కాయలు నీ మిల్లు తొక్కవు. అర్థమైందా? ఈయప్పను దాని కాడినుంచి కదిలించినా అంతే."

హబీబుల్లా సాహెబు గబగబా తల ఊపాడు. మౌలాలి స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. దాచుకోలేదు, పందిట్లో వాళ్లు చూస్తున్నారని కూడా అనుకోలేదు. అంతవరకు నేను ధైర్యంగానే ఉన్నాను, అది చూసి నాకూ కళ్లు తడిశాయి. ఆ కారు ఆ తరవాత చాలా ఏళ్లు ప్రొద్దుటూరులోనే ఉంది, మౌలాలి చేతి కిందే.

"దిగండి పెద్దాయనా, ముహూర్తానికి పిలుస్తాండారు," అన్నాడు మౌలాలి, కళ్లు తుడుచుకుని. ఆ తుడవడంలో మొహానికి ఇంత గ్రీజు అంటింది.

"ముహూర్తానికి ఇంకా టయముంది. ఉండప్పా," అని ఓబుళప్ప పక్కనున్న భార్య వైపు తిరిగాడు. "యాడికన్నా పోదామా?"

అలివేలమ్మ పుట్టిల్లు జమ్మలమడుగే. పెళ్లయి బండి వెనక కూర్చుని పోయింది ఆ ఊరి నుంచే. ఆమె ముందుకు వంగి మౌలాలి భుజం తట్టింది.

"మా వీధి మీదుగా పోనీ నాయనా," అంది. "మెల్లగా పోనీ. అందరూ సూడాల."